గాలాడని మూల

తార్నాకలో విశ్వవిద్యాలయం ల్యాబ్. సముద్రంలో గ్యాస్ తీసే ప్లాట్‌ఫారం మీద ఇరవై ఏళ్లు పనిచేసి రిటైరైన టెక్నీషియన్ నరహరి, పరిశోధన చేస్తున్న సుధామయి పిలిస్తే వచ్చాడు.

"తెర మీద గీ ఎర్ర చుక్కలేంది?"

"గ్యాస్ డిటెక్టర్లండి. ఇది మీ ప్లాట్‌ఫారమే. గ్యాస్ లీకైతే ఏది ముందు మోగుతుందో కంప్యూటర్ లెక్కగడుతుంది."

"మంచిగున్నది. మెట్లు గిటు కాదు, గటు."

"మారుస్తాను. నరహరిగారూ, పేలుడు జరిగిన రోజు మీరు డ్యూటీలో ఉన్నారు కదా?"

"ఉన్న. ఈడ చాయ్ దొరుకుతదా?"

"తెప్పిస్తాను. ఆ పేలుడులో పోయిన దానియేలుగారు అప్పుడు ఎక్కడున్నారు?"

"కంప్రెసర్ పక్కన. గీడ. వాల్వు తిప్పుతుండె."

"విచారణ రిపోర్టులోనూ అదే ఉంది. ఈ మూల గాలాడదు, గ్యాస్ పోగైంది. దూరంగా ఉన్న డిటెక్టర్లు మోగేలోపే అంటుకుంది."

"రిపోర్టుల గట్లనే ఉన్నది."

"అందుకని నేను కంప్యూటర్లో ఈ మూల ఒక డిటెక్టర్ పెట్టి చూశాను."

"పెడితే?"

"పన్నెండు సెకన్లలో మోగింది. ఆయనకి బయటపడే టైముండేది."

"పన్నెండా."

"పన్నెండు. గాలి దిశ మార్చి చూసినా పదిహేను దాటలేదండి."

"చాయ్ వద్దులే."

"ఆయన భార్య అమ్మాజీగారు కాచిగూడలో ఉంటారట కదా. రేపు వెళ్లి చెబుదామనుకుంటున్నా."

"అమ్మాజీకా? ఏం చెప్తవ్?"

"తప్పు ఆయనది కాదని. వాల్వు తప్పుగా తిప్పి చచ్చిపోయాడని అందరూ అన్నారట. ఎనిమిదేళ్లుగా ఆవిడ అదే వింటోంది."

"దానియేలు వాల్వు సక్కగనే తిప్పిండు."

"కదా. డ్రాయింగ్ గీసినవాళ్లది తప్పు. ఇక్కడ డిటెక్టర్ పెట్టలేదు."

"వాళ్లది కాదు."

"మరెవరిది?"

"ఆవిరి తగిలినా మోగుతుండె. దినాం. మోగినప్పుడల్లా ప్లాంటు బంద్. పైనోళ్లు తిడుతుండ్రి."

"ఏది మోగేది?"

"నువ్వు పెట్టిన చుక్కనే."

"అక్కడ డిటెక్టర్ లేదండి. డ్రాయింగ్ చూడండి, ఎక్కడా..."

"డ్రాయింగుల ఉండదు బిడ్డా. ఈ మూల గాలాడదని దానియేలు పోరువెడితే, డ్రాయింగ్ గీసినంక నేనే బిగించిన. ఊకె మోగుతున్నదని పేలుడైన పొద్దు దానికి ప్లాస్టిక్ కవర్ తొడిగింది గూడ నేనే."