రెండో మంచం

కెనడాలోని సర్రీలో అద్దెకి తీసుకున్న బేస్‌మెంట్ గదిలో హోప్ రెండో మంచం మీద దుప్పటి పరుస్తుంటే, కాకినాడ నుంచి సలోమి ఫోన్ చేసింది. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు. ఒకే కాలేజీలో సీటు తెచ్చుకున్నారు. హోప్‌కి వీసా ముందొచ్చింది.

"సూట్‌కేసు సర్దేశావా?" అడిగింది హోప్.

"మొన్ననే సర్దేశా."

"కుక్కర్ తేకు. ఇక్కడున్నది మనిద్దరికీ చాలు."

"తేనులే."

"గొంతేంటే అలా ఉంది? జలుబా?"

"నిన్న మెయిల్ వచ్చింది. వీసా రిజెక్ట్ అయిందే."

హోప్ మంచం మీద కూర్చుండిపోయింది. ఏడుపొస్తుందేమో అనుకుంది. రాలేదు.

"మళ్లీ అప్లై చెయ్యవే."

"ఇది రెండోసారి కదా. ఇక చాలన్నారు నాన్న."

"ఏడ్చావా?"

"లేదు. అన్నం తిన్నా, పడుకున్నా. సూట్‌కేసు మాత్రం విప్పబుద్ధి కావట్లేదు."

"నేను లైన్‌లోనే ఉంటా. ఇప్పుడు విప్పు."

జిప్పు లాగిన చప్పుడైంది.

"పైనేముంది?"

"స్వెట్టర్. నువ్వూ నేనూ ఒకేలాంటివి కొనుక్కున్నాం చూడు, అది."

"వేసుకో."

"ఇక్కడ ఉక్కపోతతో చస్తున్నామే!"

"అయినా వేసుకో."

సలోమి ఫోన్ పక్కన పెట్టి, మళ్లీ తీసుకుంది.

"వేసుకున్నా. చేతులు పొడుగయ్యాయి."

"మడుచుకో," అంది హోప్.