లోయవైపు మర్యాద

రేపు కొండెక్కుతున్నారటగా? సెలవురోజా? అయితే జనం చీమల బారే. ఇలా కూర్చో. మీ అమ్మ వాళ్ళ నాన్న, అంటే మా బావ, ఘాట్ రోడ్డులో బస్సు నడిపేవాడు. నువ్వు చూళ్ళేదులే, నువ్వు పుట్టకముందే పోయాడు. ఆయనతో కొండెక్కడమంటే పెద్ద నస. ఎదురుగా ఎవరొచ్చినా "గోడకి అతుక్కో, సంచీ కొండవైపు తిప్పు" అనేవాడు. దారిచ్చేవాడు కొండవైపే నిలబడాలట, లోయవైపు అడుగెయ్యకూడదట. ఎంత పెద్దమనిషి వచ్చినా అంతే. మేమంతా పిరికి డ్రైవరని నవ్వేవాళ్ళం. రేపు చెప్పులు కాదు, పట్టున్న బూట్లేసుకో... ఏం చెప్తున్నాను? ఆఁ, మీ అమ్మ సంబంధం.

మాట ఖాయమయ్యాక మీ తాతగారి కుటుంబం వచ్చింది. కొండ చూస్తామన్నారు. మీ తాతగారు అంటే, అదే, మీ నాన్న వాళ్ళ నాన్న, తళతళలాడే తోలు బూట్లతో బయల్దేరారు. ఎక్కేటప్పుడు ఇరుకు మలుపులో మా బావ ఆయన భుజం పట్టుకుని గోడకి నిలబెట్టేశాడు. ఇంకేముంది, మూతి ముడుచుకున్నారు. "నన్ను మేకని కట్టేసినట్టు కట్టేశాడమ్మా మీ ఆయన" అని మా అక్కతో, అంటే మీ అమ్మమ్మతో అన్నారు. పైకెక్కాక అక్క బావని పక్కకి లాగి, "సంబంధం చెడగొట్టకు. ఈ ఒక్కరోజూ డ్రైవరువి కాదు, పిల్ల తండ్రివి" అంది.

దిగేటప్పుడు అదే మలుపు. కిందనుంచి జనం పోటెత్తి వస్తున్నారు. వెనకనుంచి మీ తాతగారు "కాస్త దారివ్వండి బావగారూ" అన్నారు. మా బావ ఆగండి అనాలి కదా? అనలేదు. గోడపక్క చోటు ఆయనకి వదిలి, తను లోయవైపు జరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జన్మలో ఎవరికోసమూ లోయవైపు జరగని మనిషి. ఎక్కేవాళ్ళలో ఎవడి సంచో తగిలింది. అంతే. కేక కూడా వినపడలేదు.

పరామర్శకొచ్చి మా హాల్లో కుర్చీలో కూర్చుని మీ తాతగారు ఏమన్నారో తెలుసా? "ఇన్నేళ్ళు కొండల్లో బస్సు తోలాడు, ఎక్కడ నిలబడాలో తెలీదా?" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అక్క మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, తలొంచుకుని, "నిజమే అన్నయ్యగారూ, తప్పు ఆయనదే" అంది. పెళ్ళి ఆగలేదు మరి.

లే, వాన వచ్చేలా ఉంది. ఆ కిటికీ వెయ్యి.