బొమ్మల కొట్టంల ఏడో మనిషి

"టీచరమ్మా, మీరిచ్చిన కాయితాలల్ల ఆరుగురి పేర్లే ఉన్నయి. ఫోటోల చూస్తే ఏడుగురున్నరు. చివరికి నిలవడ్డాయన ఎవరు?"

ఆగు బిడ్డా, జర ఆ తలుపు దగ్గరికేస్తా. ఆటోల లొల్లి ఎక్కువైంది రోడ్డు మీద. ఆ రికార్డింగు మొదలువెట్టినవా? ఎర్రగ ఏందో ఎలుగుతున్నది. సరే. నేను తిరుక్కుంట చెప్త, ఏమనుకోకు. కూసుంటే నడుము వట్టుకుంటది, నిలవడితే మోకాళ్లు గుంజుతయి. వారం దినాలసంది నాకు కుదురే లేదు. అన్నం కాడ కూసుంట, నాలుగు ముద్దలు తిని లేస్త. ఎందుకు లేసిన్నో నాకే యాదుండదు.

చివరికి నిలవడ్డాయన ఎవరంటవా. చెప్త. గని మొదలుకెల్లి చెప్పకపోతే నీకు సమజ్ కాదు.

మాది నవాబుపేట దిక్కు గదా. ఎవుసం చేసుకునే ఇల్లు. నేను బొమ్మలు గీసుకుంట కూసుంటే మా నాయిన, ముగ్గులెయ్యనీకె గంత కాయితం ఎందుకే అంటుండె. గయినా మొండికేసి డ్రాయింగ్ పరీక్షలు రాసిన. తాండూరుల ఆడపిల్లల బడిల నౌకరి దొరికింది. గప్పుడు చాయ్ అర్ధ రూపాయి. కాదు కాదు, ఇంకా తక్కువనే. మా మేనత్త వచ్చినప్పుడల్లా కందిపప్పు మూట కట్టించుకొని పోతుండె, తాండూరు పప్పు అసుంటిది యాడ దొరకదని. ఇగ పప్పు దిక్కు వోతున్న. బసన్న సంగతి చెప్పాలె.

బసన్న బోర్డులు రాసేటోడు. కర్ణాటక మనిషి. తెలుగు మాట్లాడుకుంటనే నడుమ కన్నడం కలుపుతుండె. మా బడి గోడకు అక్షరాలు రాయనీకె వచ్చి, నా బొమ్మలు చూసిండు. శకుంతలమ్మా, ఒకలి గడప ఎక్కి మా బొమ్మలు వెట్టుండ్రి అని అడుగుడెందుకు, మనమే ఒక జాగ తీస్కుందం, మనమే నడుపుకుందం అన్నడు. నాకు ఆ మాట మస్తు నచ్చింది. అట్ల మొదలైంది.

రైలు పట్టాలకు దగ్గర బండలు పాలిష్ వట్టే షెడ్డొకటి ఖాళీగుండె. మిషన్లు పీక్కపోయిండ్రు. నేలంత తెల్లగ రాతి బురద ఎండి, సిమిటి లెక్క గట్టివడ్డది. నేను, బసన్న, ఫోటో స్టూడియో ఆయన, కాలేజీల క్లర్కు ఒకాయన, సినిమా బోర్డులు గీసే అన్నదమ్ములిద్దరు. ఆరుగురం. ఐతారం ఐతారం పోయి పారలతోని గీకుతుంటిమి. అది ఊడి రాదు. గప్పుడొక పిలగాడు, ఇరవై రెండో ఇరవై మూడో ఉంటయి, తలుపుకాడ నిలవడి చూస్తుండె. గట్ల కాదమ్మా, ముందుగాల నీళ్లు కొట్టి నానవెట్టాలె అన్నడు. అంతకుముందు ఆ షెడ్డులనే పని చేసిండట. కురుమోళ్ల పిల్లగాడు, పేరు మల్లయ్య. ధారూర్ కాడి పల్లె నుంచి దినాం రైల్ల వచ్చి పొయ్యేటోడు. మిషన్లు వోయినంక పని వోయింది, గయినా కాళ్లు ఈడికే వస్తున్నయి అన్నడు.

ఆయనే బిడ్డా. ఫోటోల చివరికి నిలవడ్డాయన.

జర నీళ్లు తాగుత.

ఒకనాడు గొంగడిల ఏదో చుట్టుకొని తెచ్చిండు. ఇప్పి చూస్తే, మూరెడు బండ ముక్క. నీలం రాయి. దాని మీద సన్నటి ఉలితోని గొర్రెను చెక్కిండు, కింద పిల్ల పాలు తాగుతున్నది. మన తాండూరు బండ మీద గీత గీస్తే తెల్లగ వడతది గదా, పలక మీద బలపం గీసినట్టు. ఆ పిల్ల మోకాళ్లు వంచుడు ఉన్నది చూడు... నేను పరీక్షలు పాసైన దాన్ని, గట్ల ఒక్క గీత గియ్యలే జన్మల. బసన్న తన బొమ్మను గోడ మీదికెళ్లి తీసి, ఆడ బండను వెట్టిండు.

గప్పటిసంది మల్లయ్య గూడ మా అందరిల ఒకడు. మా కాయిదా ఏందంటే, అందరికి వంతులు. ఊడ్చేదానికి వంతు, వచ్చినోళ్లకు చూపిచ్చేదానికి వంతు. ఎవలూ పెద్దోళ్లు కారు, ఎవలూ చిన్నోళ్లు కారు. బోర్డు మీద పేరు ఏదో పెద్దగనే రాసిండు బసన్న, గని ఊరంత బొమ్మల కొట్టం అనే అన్నది. మార్కెట్టు యార్డుల హమాలీలు ఎండకు లోపటికొచ్చి కూసుంటుండ్రి. మోమిన్‌పేట్ దిక్కు రైతొకాయన కందులు అమ్మి వచ్చి, మా ఎద్దును గియ్యుండ్రి అని పట్టుపట్టిండు. ఎద్దును తెస్తనన్నడు గూడ. మంచి దినాలు బిడ్డా అవి. నిజంగ మంచి దినాలు.

మల్లయ్య తర్వాత పెద్ద బండలు మొదలువెట్టిండు. ఒకటి నా రొమ్ముల ఎత్తుంటది. అండ్ల ఒక ఆడామె, గొంగడి కప్పుకొని, కండ్లకు చెయ్యి అడ్డం వెట్టుకొని దూరం చూస్తుంటది. మందలకెళ్లి తప్పిన గొర్రెను ఎతుకుతున్నట్టు. ఆమె ఎవలని మేం ఒక్కలం గూడ అడగలే. అడగాల్నని తోచనే లేదు.

ఇగ అటెంక, హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. పెద్ద హాలుల మీ బొమ్మలు వెడతం, మీ సంఘం సభ్యుల జాబితా పంపుండ్రి, పేరు, చదువు, ఏం పరీక్ష పాసైండ్రు, అన్నీ రాయుండ్రి అని. ఎగిరినం సంతోషంతోని. నేను కార్యదర్శిని, నేనే రాయాలె. మల్లయ్య పేరు కాడికొచ్చి కలం ఆగింది. చదువు కాడ ఏం రాయాలె? క్లర్కాయన అన్నడు, చదువు లేదు, బండల కూలి అని రాస్తే మొత్తం సంఘాన్నే పిలువరమ్మా అని. బసన్న చాయ్ గ్లాసు దిక్కు చూసుకుంట కూసున్నడు.

ఎవలూ నా చెయ్యి వట్టుకొని రాయించలే బిడ్డా. నేనే రాసిన. ఆరు పేర్లు. మల్లయ్య బండల కాడ "సభ్యులందరు కలిసి చేసినవి" అని రాసిన. మంచి అక్షరాలతోని.

ఆ కాయితం నకలు నీకియ్యలే. నీ కాడున్న ఆరు పేర్లు హైదరాబాదోళ్లు దాన్ని చూసి అచ్చేసినయి. అన్ని ఇచ్చిన, గదొక్కటి బట్టల కింద దాసిన. ఇస్త, ఇస్త. పొయ్యేటప్పుడు తీస్కపో.

హైదరాబాదుకు లారీల పోయినం. మల్లయ్య గూడ వచ్చిండు, ఎందుకంటే బండ దించుడు ఆయనకే తెలుసు. పండవెట్టి మోస్తే నడిమికి ఇరుగుతది, నిలువుగ మొయ్యాలె. హాలుల మా బొమ్మలు చూసేటోళ్లు చూస్తున్నరు, పోతున్నరు. గని ఆ ఆడామె బండ ముంగట మాత్రం మంది ఆగుతున్నరు. ఒక పెద్దమనిషి, కండ్లద్దాలు నెత్తి మీదికి వెట్టుకొని, శానసేపు చూసిండు. ఇది ఎవరు చేశారండి అన్నడు. బసన్న నా దిక్కు చూసిండు. మల్లయ్య నాకు నాలుగడుగుల దూరంల ఉన్నడు, భుజం మీద గోనెపట్ట ఏసుకొని.

"అందరం కలిసి చేసినమండి" అన్న నేను.

ఆ పెద్దమనిషి మురిసిండు. చేతులు కలిస్తే ఇట్లుంటది అని, వరుసగ అందరికి చేతులిచ్చిండు. ఆరుగురికి. మల్లయ్యను కూలాయన అనుకున్నడో ఏమో, దాటిపోయిండు.

తిరిగి వచ్చినంక మల్లయ్య బండలన్ని పైలంగ దించి గోడకు ఆనిచ్చిండు. తాళంచెవి నా చేతిల వెట్టి, "వచ్చే ఐతారం నా వంతుండె టీచరమ్మా, వేరేటోళ్లకు చెప్పు" అన్నడు. గంతే. మల్ల రాలే.

నేను పోయి పిలిస్తే అయిపోతుండె. ధారూర్ ఎంత దూరం చెప్పు. రేపు పోత, మాపు పోత అనుకున్న. ఆయన వంతు ఎవలూ చెయ్యలే. తర్వాత బసన్న వంతు తప్పిండు, నేను తప్పిన. షెడ్డాయన సిమిటి గోదాము చేసుకుంట అని అడిగితే, అదే సందు అన్నట్టు అప్పజెప్పినం. కాయితాలు నేను పెట్టెల ఏసుకున్న. వికారాబాదుకు బదిలీ అయింది. బండలు ఏమైనయని అడగలే గూడ. నలభై ఏండ్లు దాటింది.

ఆ కిటికీ తియ్యనా? ఉడుకవోస్తున్నది.

ఇగ నువ్వొచ్చినవ్. బొమ్మల కొట్టం చరిత్ర రాస్తున్న, పోకుండ ఉంచాలె అన్నవ్. నువ్వు ఒక్కొక్క కాయితం అప్పడాన్ని వట్టుకున్నట్టు వట్టుకొని ఫోటోలు తీసుకుంటుంటే నాకు లోపట ఏందో గీకినట్టైంది. పోయిన సోమారం ఉండలేక తాండూరు వోయిన, బసన్న కాడికి. కొడుకు ఇంట్ల ఉంటడు. మనిషిని గుర్తువట్టుడే వోయింది. నన్ను చూసి ఎవలో పాలామె అనుకున్నడు. తెలుగు గూడ మరిచిండు, వట్టి కన్నడమే వస్తది. నేను ఊకె అడిగిన, బసన్నా, కొట్టంల మనం ఎంతమందిమి అని. వేళ్లు లెక్కవెట్టుకున్నడు. "ఏళు మంది" అన్నడు. ఏడుగురు. నేను ఆరుగురం గదా అన్న. నెత్తి అడ్డం ఊపి, మల్ల "ఏళు మంది" అన్నడు. కన్నబిడ్డ పేరు యాదిలేని మనిషికి అది యాదున్నది.

తిరిగి వచ్చేటప్పుడు ప్యాసింజరు ధారూర్ల ఆగింది. టికెట్టు వికారాబాదుకుండె. ఎట్ల దిగిన్నో నాకే తెల్వది, బండి కదిలినంక చూసుకుంటే స్టేషన్ల నిలవడి ఉన్న. ఆటో ఆయనను, తాండూరుల బండల పని చేసిన కురుమ మల్లయ్య తెలుసునా అంటే, దగ్గుకుంట ఉంటడు, ఆయననేనా అన్నడు.

ఇంటి ముంగట బండలు పరిచిన అరుగు. అరుగు మీద కందులు ఆరవోసిండ్రు. ఆయన భార్య నర్సమ్మ చేట వట్టుకొని కూసున్నది. మల్లయ్య మంచంల. రాతి దుమ్ము, పాడుది, ఊపిరితిత్తులు తిన్నది. నన్ను చూసి లేవబోయిండు. "టీచరమ్మ" అన్నడు, అంతే. నర్సమ్మ ఎవలు ఎవలు అంటున్నది. నేను నిలవడే మొత్తం చెప్పిన. నీకు చెప్పినట్టే. బండల సంగతి, హైదరాబాదు సంగతి.

నర్సమ్మ మొగని దిక్కు చూసింది. లగ్గమై నేనొచ్చినప్పటిసంది ఈ బండలున్నయి, యాడియి అంటే పాత షెడ్డుల అగ్గువకు దొరికినయి అన్నవ్ గద అన్నది. ఆమె చేటతోని కందులు పక్కకు నూకింది. కింద గొంగడి కప్పుకున్న ఆడామె, చెయ్యి అడ్డం వెట్టుకొని అట్లనే చూస్తున్నది. గీతలల్ల పసుపు, దుమ్ము నిండింది.

"గీమె ఎవలు?" అన్నది నర్సమ్మ.

"మా అవ్వ" అన్నడు.

నర్సమ్మ కోడలై వచ్చేటాలకే ఆమె చచ్చిపోయిందట. ఎన్నడు చూడలే. గిన్నేండ్లు అత్త ముఖం మీద కందులు ఆరవోసుకున్నది. నర్సమ్మ గోరుతోని ఆ గీతలల్ల ఇరుక్కున్న కందిగింజలు ఒక్కొక్కటి తీసుడు మొదలువెట్టింది.

బసన్నకు చూపిద్దామని సంచిల ఏసుకున్న ఆ జాబితా కాయితం తీసిన. ఇగో మల్లయ్యా, ఇప్పుడు నీ పేరు రాస్త, ఏలిముద్ర ఎయ్యి అన్న. ఆయన కాయితాన్ని ముట్టలే.

"నువ్వు రాసింది నాకు తెల్వది టీచరమ్మా, నాకు చదువు రాదు. ఆ హాలుల నువ్వు చెప్పింది మాత్రం ఇన్న. అదే నోటితోని నిజం చెప్పు, నేను ఇంట."

నేను ఆడనే చెప్పబోయిన. గిక్కడ కాదు, గిక్కడ నాకు, నర్సమ్మకు తెలుసు, నలుగురు ఇనేటట్టు చెప్పు అన్నడు. బండలు ఎగ్జిబిషన్ల వెడతం అని నేనంటే నర్సమ్మ, అవి యాడికి రావు, చూడాల్ననుకున్నోళ్లే వస్తరు అన్నది. చాయ్ మాత్రం ఇచ్చింది.

అందుకే నిన్ను పిలిచిన. ఇది నలుగురికి ఇనిపిస్తనన్నవ్ గదా? నడుస్తున్నదా అది? సరే, చెప్త. నిలవడే చెప్త.

బొమ్మల కొట్టంల మేం ఆరుగురం కాదు, ఏడుగురం. హైదరాబాదుల అందరు ఆగి చూసిన బండ మేం కలిసి చేసింది కాదు. కురుమ మల్లయ్య ఒక్కడు చేసిండు. అండ్ల ఉన్నామె ఆయన అవ్వ, పేరు బీరమ్మ. మల్లయ్య పేరు తీసేసింది, అబద్ధం చెప్పింది శకుంతల. నేనే.

వడ్డదా సక్కగ? మల్ల చెప్పాల్నా? వద్దా. సరే.

ముందుగాల ఆయనకు ఇనిపియ్యాలె బిడ్డా. ఇని ఏమంటడో. ఏమీ అనకపోవచ్చు గూడ, ఆయన సంగతే అంత. అనకపోతే అనకపోయె. నువ్వు సల్లగుండు. నీ చేతి పని మీద నీ పేరే ఉండాలె, పక్కోని పని నీ పేరు మీద వడితే ఆ పూటనే చెప్పేసెయ్యి, నా లెక్క దాసుకోకు... రేపు పొద్దుగాల ప్యాసింజరుకు పోదామా? లేకుంటే రేపటిదాంక ఎందుకు, మూడింటికి ఒక బండి ఉండాలె, జర నీ ఫోన్ల చూడు...