ఆవిడ ఆగే ఒక్క క్షణం

దేవుడు చల్లగా చూసి ఒక్కొక్కరికి ఒక్కో వాద్యం ఇస్తాడు. డోలు మావయ్యకి మాత్రం రెండిచ్చాడు. ఒకటి డోలు, రెండోది నోరు. మొదటిది మూడేళ్ళుగా అటక మీదుంది. రెండోదానికి సెలవన్నదే లేదు.

టీ కొట్టుకి ఎదురుగా రిహార్సల్ హాలు. అందులో గాయనమ్మ తన నాలుగో బృందాన్ని కూర్చుకుంటోంది. పాత మూడు బృందాల్లోనూ డోలు వాయించిన మావయ్యకి ఇంకా కబురు రాలేదు. నాలుగు రోజులుగా పొద్దున్నే తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కొట్టుకి వచ్చి, ఆ హాలు తలుపుకేసి తిరిగి కూర్చుంటున్నాడు. ఎందుకో అందరికీ తెలుసు. ఎవరూ అడగరు. అది అడగలేకే కథ చెప్పమంటారు.

"మొదటి బృందం ఎంతమందిమనుకున్నారు? ముగ్గురం," అని మొదలెట్టాడు మావయ్య. "హార్మోనియం ఆయన, ఫ్లూటు ఆయన, నేను. మొదటి కచేరీలోనే నా డోలు తాడు తెగింది. కంగారు పడ్డానా? పక్కనున్న కుర్చీ లాక్కుని దానిమీద వాయించేశా."

"అంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు సెలూన్ ఆయన.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? జనం డోలు వద్దన్నారు, కుర్చీయే కావాలన్నారు! సరే, హార్మోనియం ఆయన పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాడు, ఫ్లూటు ఆయనకి ముందు పళ్ళు ఊడాయి. గాయనమ్మ రెండో బృందం కట్టింది, పద్నాలుగు మంది. పాట మధ్యలో కరెంటు పోయింది. నేను వేగం పెంచా. పెంచేసరికి నెత్తిమీద బల్బు మిణుక్కుమని వెలిగింది! ఆపితే ఆరిపోతుందని గంటన్నర వాయించా. పక్క వీధిలో పిండిమిల్లు కూడా ఆ పూట నా చేతి మీదే ఆడింది."

"మా ఇంట్లో కరెంటు పోయినప్పుడు రావేం అన్నయ్యా?" అంది టీ కొట్టు అక్క.

"మీ ఇంటి వైర్లు నా దెబ్బకి తట్టుకోలేవమ్మా. మూడో బృందం సంగతి వినండి. ఆరుబయట కచేరీ, పక్కనే రైలు పట్టాలు. ఆ రైలు చక్రాలు నా తాళం అందుకుని ఎంత పరుగు తీశాయంటే, అవతలి స్టేషన్ మాస్టరు ఇవతలికి ఫోన్ చేసి, 'మీ రైలు వచ్చేసింది, ఇక బయల్దేరదీయండి' అన్నాడు!"

బెంచీ మీద కూర్చున్న బస్సు డ్రైవరు దణ్ణం పెట్టాడు. "నా బస్సుకి కూడా ఒకసారి వాయించు మావయ్యా!"

మావయ్య గొంతు తగ్గించాడు. "ఇవన్నీ ఒకెత్తు. ఆవిడ పల్లవి పాడి, మళ్ళీ అందుకునే ముందు ఒక్క క్షణం ఆగుతుంది, చూశారా?"

చూడనివాళ్ళెవరు? ఆ క్షణం కోసమే జనం కచేరీలకి వెళ్తారు.

"బృందాలు మార్చింది, ఇళ్ళు మార్చింది, కళ్ళజోళ్ళు మార్చింది. ఆ ఆగడం మాత్రం మార్చలేదు. అదెవరిచ్చారు? నేను! ఒక ఊళ్ళో ఆ క్షణంలో జనమంతా ఊపిరి ఎంత బిగబట్టారంటే, టవరు మీద గడియారం ఆగిపోయింది. ఆ ఊరు ఇప్పటికీ లోకానికి ఒక్క క్షణం వెనకే ఉంది. అక్కడ పిల్లలు కూడా ఒక క్షణం ఆలస్యంగానే పుడుతున్నారు!"

బెంచీ చివర ఒక అమ్మాయి గ్లాసు కింద పెట్టింది. హాల్లోంచి ఇందాకే వచ్చి కూర్చుంది, ఒళ్ళో డోలు పుల్లలున్నాయి.

"బాబాయ్, ఆ ఆగడం ఇచ్చింది మీరేనా?"

"ఇంకెవరు?"

"అయితే నిజమే. మొదటి కచేరీలో మీరు అక్కడ ఒక దెబ్బ ఆలస్యంగా అందుకున్నారట. ఆవిడ మీకోసం ఆగారట. రెండో కచేరీలోనూ అంతేనట. మూడు బృందాలు మారినా మీరు అక్కడ ఒక్కరోజు కూడా టైముకి రాలేదట. ఆగీ ఆగీ ఆవిడకి అదే అలవాటైపోయిందట. ఆవిడే చెప్పారు."

సెలూన్ ఆయనకి టీ పొలమారింది. డ్రైవరు బెంచీ మీద చరిచి చరిచి నవ్వాడు.

మావయ్య నవ్వలేదు. చొక్కా గుండీ తడుముకున్నాడు. తను ఆలస్యమవుతున్న సంగతి ఆయనకి మొదటి రోజే తెలుసు. అది ఆవిడకీ తెలుసని ఇవాళే తెలిసింది.

"అందుకే పిలవలేదన్నమాట," అన్నాడు. పొద్దుట్నించీ ఆయన నోట కోత లేకుండా వచ్చిన మాట అదొక్కటే.

"పిలవడానికే వచ్చాను బాబాయ్. మేమంతా అక్కడ టైముకి వాయించేస్తున్నాం. ఆవిడేమో పాట ఆపేసి, 'అక్కడ కాదు, అతనింకా రాలేదు' అంటున్నారు. ఆ ఆలస్యం మా చేత కావట్లేదు. మీరే తలుపు తోసుకుని వస్తారని నాలుగు రోజులు ఆగారట. ఇక ఆగలేక నన్ను పంపారు."

కొట్టులో నవ్వు దానంతటదే సద్దుమణిగింది. టీ కొట్టు అక్క అరచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"ఇంకా కూర్చున్నావేం అన్నయ్యా? దేవుడు పిలిచినట్టు పిలిస్తే! లే!"

మావయ్య లేచాడు. తలుపుకేసి రెండడుగులు వేశాడు. ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ అదే చోట కూర్చున్నాడు.

"ఇంకో టీ పొయ్యమ్మా," అన్నాడు. "పిలవగానే వెళ్తే, వచ్చింది నేను కాదనుకుంటుంది."