కుండ మొక్క తాగిన నీళ్లు

నీళ్ల ట్యాంకు ఎదుట టీ కొట్టు. రాత్రి డ్యూటీ దిగిన పంపు ఆపరేటరు బెంచీ మీద కూర్చున్నాడు, ఒళ్లో మొక్క తొట్టి పెట్టుకుని. తొట్టిలో చిన్న కుండంత ఉబ్బిన కాండం, దాని నెత్తిన ఎండుపుల్ల లాంటి తీగ. ఆకన్నది లేదు. పెళ్లయిన కొత్తలో భార్య నాటిన మొక్క అది. చెల్లెలికి ఆపరేషనని నెల కిందట ఊరెళ్తూ దాన్ని అతనికి అప్పగించింది. ఈ మధ్యాహ్నం బస్సుకి తిరిగొస్తోంది. మొక్క వాలకం అతనికి నచ్చలేదు. కొట్టు నడిపే అక్కకి ఇలాంటివి పెంచడం తెలుసు, అడుగుదామని తెచ్చాడు. కానీ అతనికి చెప్పడమే అలవాటు, అడగడం కాదు.

"ఏంటి గురూ ఆ బోడిగుండు?" అన్నాడు అతనితో పాటే డ్యూటీ దిగిన వాల్వ్‌మన్, ఆవులిస్తూ.

"బోడిగుండా? దీని పొట్ట చూడు. ఇది నీళ్లు దాచుకునే జాతి. మా ఆవిడ ఇచ్చినప్పుడు బత్తాయంత, అంతే. నా చెయ్యి పడింది, ఊరడం మొదలెట్టింది. ఒకరోజు గోరు తగిలితే చాలు, సర్రున చిమ్మింది నీళ్లు, గోడ మీద బల్లి తడిసి కింద పడింది. పారబోసుకోవడమెందుకని చిన్న కొళాయి బిగించాను. స్నానం, బట్టలు, గిన్నెలు, అన్నీ దీంతోనే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

వాల్వ్‌మన్ చెప్పులు విడిచి పాదాలు నొక్కుకుంటున్నాడు.

"మొన్న మోటారు కాలిపోలా? వీధి వీధంతా బిందెలతో మా గుమ్మం ముందే. ఒక్కరూ ఖాళీ బిందెతో వెళ్లలేదు."

"మోటారు కాలిన రోజు నేను డ్యూటీలోనే ఉన్నాను గురూ."

"ఉన్నావు, నిద్రపోతూ. సరే, అంతమంది పట్టుకుంటే తగ్గాలి కదా? పెరిగింది! తలుపు పట్టక గోడ పగలగొట్టాం. ఈలోగా గోనెసంచుల గోడౌను అంటుకుంది, ఫైరింజను వచ్చింది, దాని ట్యాంకులో చుక్క లేదు. గొట్టం పట్టుకుని మా ఇంటికే పరిగెత్తారు. ఆ మంట ఆర్పి, పక్క ఊరి మంట కూడా ఆర్పి, ఇంకా మిగిలితే లోపల చేపలు పడ్డాయి. పెద్ద ఇంజనీరు వచ్చి చేతులు జోడించాడు. ఈ ట్యాంకు కూల్చేస్తాం, దీన్ని నిలబెడతాం, పైన మీరే అధికారి అన్నాడు. ఆలోచించి చెప్తానన్నా."

"ఇంతకీ బావా," అన్నాడు పక్క కొట్టు దర్జీ, "అంతది మళ్లీ ఒళ్లో పట్టేంత ఎలా అయింది?"

"నీకు బట్టలిచ్చినవాళ్లని అడుగు, ఇచ్చిన గుడ్డ కుట్టేసరికి ఎంతవుతుందో."

దర్జీ కూడా నవ్వాడు. అక్క నవ్వలేదు. గ్లాసులు కడగడం ఆపి వచ్చి, తొట్టి మట్టిని వేలితో తాకింది. బురద. కాండాన్ని బొటనవేలితో నొక్కింది. వేలు లోపలికి దిగిపోయింది. నల్లటి నీరు కారి, కుళ్లిన వాసన వచ్చింది.

"ఊరంతటికీ నీళ్లిచ్చే మొక్కకి నువ్వెందుకు పోశావు తమ్ముడూ?"

అతను తొట్టిని ఒళ్లోకి ఇంకా దగ్గరగా లాక్కున్నాడు.

"ఆకులు రాల్చిందంటే నిద్రపోతోందని. అప్పుడు చుక్క పోసినా కుళ్లుతుంది. ఆవిడ చెప్పలేదా?"

"చెప్పింది." గొంతు తగ్గింది. "పొడిగా కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదక్కా. నీళ్లు వదలడమే కదా నా పని. డ్యూటీ దిగి వెళ్తే ఇల్లు బోసిగా ఉండేది. తాళం తీసి, ఒక చెంబు దీనికి పోసి, తాగవే అనేవాణ్ణి. పడుకునే ముందు ఇంకో చెంబు. మాట్లాడ్డానికి ఇంకెవరున్నారు?"

వాల్వ్‌మన్ చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు గానీ లేవలేదు.

"బతుకుతుందా?" అని అడిగాడు ఆపరేటరు.

"లోపల గట్టిగా ఏమీ మిగల్లేదు తమ్ముడూ."

అతను తొట్టిని నేల మీద దించి, తడి అంటిన చొక్కాని తుడుచుకోకుండా అలాగే కూర్చున్నాడు. అక్క అడగకుండానే ఇంకో టీ పోసి చేతికిచ్చింది.

"ఆవిడ బస్సు దిగగానే ఇప్పుడు నాకు చెప్పిందే చెప్పు. ఫైరింజన్లూ చేపలూ కలపకు."

"చేపలంటే నవ్వి ఊరుకుంటుందక్కా," అన్నాడు అతను. "తను లేక తోచక దీనికి నీళ్లు పోశానంటే మాత్రం చచ్చినా నమ్మదు."