బ్లాక్ డక్ పబ్ మీద పద్నాలుగు అభ్యంతరాలు

సభకు అధ్యక్షత వహిస్తున్న కౌన్సిలర్ త్రెల్‌ఫాల్ గారికి, థార్న్‌బెక్ పెద్దలకు, నేనేం మాట్లాడతానోనని ముందు వరసలో అప్పుడే నుదురు పట్టుకున్న లైసెన్సుల గుమాస్తా గార్సైడ్ గారికి, ఈ రోజుతో బ్లాక్ డక్ పబ్ తాళాలు అప్పగించి విశ్రాంతి తీసుకోబోతున్న మోరీన్ హెస్కెత్ గారికి, మిత్రులందరికీ నమస్కారాలు.

నాకు పది నిమిషాలిచ్చారు. కౌన్సిల్ విచారణల్లోనూ పది నిమిషాలే ఇచ్చేవారు. అప్పుడు గడియారం చూస్తూ వినేవారు, ఇప్పుడు చేతిలో గ్లాసుతో వింటున్నారు కాబట్టి నా పరిస్థితి కొంత మెరుగుపడినట్టే. (నవ్వులు)

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. నా పేరు కత్‌బర్ట్ ఓర్మరాడ్. పియానోలకు శ్రుతి సరిచేసి బతికినవాణ్ణి. పందొమ్మిదేళ్లుగా బ్లాక్ డక్ పబ్‌కీ నాకూ మధ్య ఉన్నది ఒక ఇటుక గోడ, ఆ గోడకవతల అప్పట్లో మోరీన్ గారి భర్త డెరిక్, డెరిక్ ఒళ్లో ఒక అకార్డియన్, అంటే భుజాలకు తగిలించుకుని వాయించే హార్మోనియం లాంటిది. ప్రతి గురువారం సాయంత్రం ఏడింటికి ఆయన అది వాయించేవాడు. గట్టిగా కాదు. గట్టిగా వాయిస్తే సహించేవాణ్ణి. అందులో ఒక స్వరం శ్రుతి దిగి ఉండేది! సరిగ్గా అది మోగే చోటుకు పాట వస్తోందంటే టీకప్పు కింద పెట్టి, పళ్లు బిగించుకుని కూర్చునేవాణ్ణి.

మద్యం అమ్మకానికో పాటకచేరీకో అనుమతి ఇవ్వొద్దని చెప్పాలంటే చట్టం నాలుగే కారణాలు ఒప్పుకుంటుంది. నేరం, జనం భద్రత, ఇరుగుపొరుగుకు ఇబ్బంది, పిల్లలకు హాని. శ్రుతి తప్పడం ఆ నాలుగింటిలో లేదు. అందుకని వాళ్లు వేళలు పొడిగించమన్నా, పెరట్లో నాలుగు బల్లలు వేసుకుంటామన్నా, ఏ చిన్న మార్పు కోరినా నేను 'ఇరుగుపొరుగుకు ఇబ్బంది' అని ఉత్తరం రాసేవాణ్ణి. పద్నాలుగు రాశాను. ఒకసారి త్రెల్‌ఫాల్ గారే అడిగారు, "అసలు ఆ చప్పుడు ఎంత ఎక్కువండీ?" అని. "ఎక్కువ కాదండీ, తక్కువ! ఆ స్వరం పావు వంతు తక్కువ!" అన్నాను. ఆ అభ్యంతరం అక్కడికక్కడే కొట్టేశారు. (నవ్వులు)

ఇక్కడిదాకా మీ అందరికీ తెలుసు. ఇకముందుది ఎవరికీ పూర్తిగా తెలియదు, మోరీన్ గారికి కూడా.

ఆరేళ్ల కిందట డెరిక్ పోయాడు. పబ్ లైసెన్సు ఆయన ఒక్కడి పేరు మీదే ఉండేది. అలాంటి మనిషి పోతే లైసెన్సూ ఆయనతోనే పోతుంది. ఇరవై ఎనిమిది రోజుల్లోగా ఇంట్లోవాళ్లెవరైనా నోటీసు ఇచ్చుకుంటే నిలబడుతుంది, లేకపోతే మళ్లీ మొదటినుంచీ అర్జీ, విచారణ, అభ్యంతరాలు. అంటే నేను. ఈ ఊళ్లో ఆ నిబంధన గార్సైడ్ గారి తర్వాత కంఠతా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇరవై ఆరో రోజు మోరీన్ గారు కౌన్సిల్ ఉత్తరం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు.

"ఓర్మరాడ్ గారూ, మీరంటే నాకు పడదు, మీకూ తెలుసు. కానీ ఈ కాగితాల భాష మీకే అర్థమవుతుంది. తొందరేమైనా ఉందా ఇందులో?"

నేను చదివాను. మొత్తం చదివాను. చదివి, "తొందరేం లేదండీ, తీరిగ్గా చూసుకోవచ్చు" అన్నాను.

(సభలో గుసగుసలు)

అవునండీ, అలాగే అన్నాను. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ మాంసం కూరి కాల్చిన వేడివేడి 'పై' రొట్టె పంపారు. పళ్లెం మీద చీటీ: "శ్రమ తీసుకున్నందుకు." సగం తిన్నాను. చీటీ మళ్లీ చదివి, మిగతా సగం పక్కకు నెట్టేశాను. ఇరవై ఎనిమిదో రోజు మధ్యాహ్నం మూడింటికి వెళ్లి తలుపు కొట్టాను.

"కోటు వేసుకోండి. తొందరుంది. సాయంత్రం ఐదుతో సరి."

"మొన్న లేదన్నారుగా?"

"మొన్న కళ్లజోడు పెట్టుకోలేదు."

ఆ కళ్లజోడు అబద్ధం, మోరీన్ గారూ. అది ముక్కు మీదే ఉంది. ఈ మాట చెప్పడానికే ఇవాళ ఈ మైకు అడిగి తీసుకున్నాను.

(మోరీన్ గారు లేచి, "అయితే నా 'పై' రొట్టె నాకు ఇచ్చెయ్యవయ్యా, దొంగ సచ్చినోడా!" అన్నారు. చాలాసేపు నవ్వులు.)

ఇస్తానండీ. పూర్తిది ఇస్తాను.

ఆ రోజు రెండు బస్సులు మారి కౌన్సిల్ కార్యాలయానికి చేరేసరికి ఐదుకు ఇరవై నిమిషాలు తక్కువ. నా గొంతు వినగానే గార్సైడ్ గారు తల ఎత్తకుండానే అభ్యంతరాల ఫారం నా ముందుకు తోశారు. "అది కాదండీ, రెండోది, లైసెన్సు నిలబెట్టుకునే నోటీసుది" అన్నాను. ఆయన ఫారం చూశారు, నన్ను చూశారు, మోరీన్ గారిని చూశారు. "ఒంట్లో బాగానే ఉందా అండీ?" అని నన్నే అడిగారు. ఐదుకు రెండు నిమిషాలు ఉందనగా ముద్ర పడింది.

ఆ శనివారం పబ్ మళ్లీ తెరిచారు. నేను మొట్టమొదటిసారి లోపల అడుగుపెట్టాను. అలమారలో అకార్డియన్ కనిపిస్తే, చూడొచ్చా అని అడిగి విప్పాను. లోపల స్వరాలు పలికించే రేకుల్లో ఒకే ఒక్కటి అరిగింది. ఒక మధ్యాహ్నం పని. అన్నేళ్లలో పద్నాలుగు ఉత్తరాలు రాసినవాణ్ణి, ఒక్కసారి తలుపు కొట్టి "డెరిక్, అది ఇలా ఇవ్వు, సరిచేసి తెస్తాను" అనలేకపోయాను. ఆయన సంతోషంగా ఇచ్చేవాడు. బహుశా ఒక గ్లాసు బీరు కూడా పోసేవాడు.

"ఇప్పుడు సరిచెయ్యనా?" అని అడిగాను.

మోరీన్ గారు నా చేతుల్లోంచి దాన్ని లాక్కున్నారు. "ముట్టుకోకండి. ఆయన వాయించింది ఇలాగే."

నీళ్లు ఇవ్వండి ఎవరైనా. కాదు, అది బీరు. సరే, అదే ఇవ్వండి. (నవ్వులు)

అధ్యక్షుల వారికి, ఇంత ఓపిగ్గా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. మోరీన్ గారూ, రేపు మీరు సముద్రం ఒడ్డున మీ చెల్లెలింటికి వెళ్లిపోతున్నారు. అక్కడి చిరునామా ఒక్కటి నాకు రాసివ్వండి. ఉత్తరాలు రాయకుండా ఉండటం ఈ వయసులో నాకు చేతకాదు. కౌన్సిల్‌కు మాత్రం నకలు పంపను.

సెలవు.