కుడిచేతి బొటనవేలు

అది కాదు నాన్నా, ట్వైలాని అంత మాట ఎందుకన్నావు? అదీ పశువుల వేలంలో, నలుగురి ముందు. చచ్చుబడిపోయిన మొగుణ్ణి వదిలేసి తన దారి తను చూసుకుందన్నావట. అక్కడే ఉన్న గ్లెన్ పొద్దున ఫోన్ చేసి చెప్పాడు. విన్న దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు.

కోటు విప్పి కూర్చో. ఆవుల దగ్గరికి తర్వాత వెళ్దువుగాని. ఈ ఒక్క పూటా నా మాట విను.

ఆ రోజు బురదలో నాలుగు చక్రాల బండి నా మీద తిరగబడ్డప్పుడు, అంబులెన్సు వచ్చేదాకా నా తల కదలకుండా పట్టుకుని కూర్చున్నది నువ్వే. ఈ మాత్రం చేతులు మిగిలాయంటే అందుకేనన్నారు కాల్గరీలో డాక్టర్లు. అది నేను మర్చిపోలేదు.

కానీ అప్పట్నుంచీ నీ ధ్యాసంతా నా కాళ్ళ మీదే.

విరిగిన మెడ ఎముకని పలకా మరలూ బిగించి నిలబెట్టారు. దాంట్లోంచి దిగే వెన్నుపాము నలిగిపోయింది. దానికి మరలు బిగించేదెవరు? ఓ సాయంత్రం దుప్పటి కింద నా కాలు ఎగిరిపడింది, గుర్తుందా? నువ్వు వరండాలోకి పరిగెత్తి నర్సుని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చావు. పాపం నీ మొహం చూసి ఆవిడ ఏమీ చెప్పలేకపోయింది. డాక్టరొచ్చి చెప్పాడు. దెబ్బకి దిగువనున్న నరాలు చచ్చిపోలేదు, కానీ మెదడు చెప్పేది వాటికి అందదు, అవి వాటంతట అవే కాలిని ఎగరేస్తాయి, అది నడకకి మొదలు కాదు అని. నువ్వు బుద్ధిగా తలూపావు. మర్నాడు ఇంటికొచ్చి, నేను పట్టుకుని నడవడానికని కొట్టంలో కమ్మీలు బిగించావు.

ఏమనను నిన్ను?

అసలు నాకేం కావాలో ఎవరూ అడగలేదు నాన్నా. నాకు కాళ్ళు కాదు, వేళ్ళు కావాలి. భుజాలున్నాయి, మోచెయ్యి వంగుతుంది, మణికట్టు పైకి లేస్తుంది. అక్కడితో సరి. చొక్కా గుండీ ట్వైలా పెట్టాలి. ముద్ద ట్వైలా పెట్టాలి. ఒంటేలుకి గొట్టం వేసి తియ్యాల్సిందీ ట్వైలానే. అర్ధరాత్రి నిద్రలోంచి లేచి తీసేది, మళ్ళీ తెల్లారకుండా లేచి స్కూలు బస్సు తోలేది. నా ఒంటి మీద ఆమె చెయ్యి పడని చోటు లేదు. ముట్టుకోవాలనిపించి ముట్టుకున్నది మాత్రం ఒక్కసారీ లేదు.

ఇలాంటివి వినడం నీకు కష్టమని తెలుసు. కిటికీ వైపు చూడు, పర్లేదు. వింటే చాలు.

నిరుడు చలికాలంలో ఒకరోజు బస్సు తెచ్చి ముంగిట్లో ఆపింది. దిగలేదు. ఇంజను కట్టేసి, స్టీరింగు మీద తల వాల్చి, ఆ చలిలో అలాగే కూర్చుంది. నేను ఇక్కణ్ణుంచే చూస్తున్నాను. చాలాసేపటికి లోపలికొచ్చి, దోవంతా మంచేనంటూ నవ్వుతూ సూపు వెచ్చబెట్టింది. నేనేమీ అడగలేదు. అడిగితే పాపం అబద్ధమాడాల్సొస్తుంది కదా.

ఆ వారమే, చేతులకి ఆపరేషన్ చేసే డాక్టర్ ప్రూడెన్‌కి కబురు పెట్టించాను.

నువ్వు వద్దన్నావు. ఉన్న ఒక్క మంచి కండనీ కోయించుకుంటావా, రేపు నరాలు అతికించే మందొస్తే ఏం చేస్తావన్నావు. మోచేతిని వంచడానికి ఆ ఒక్కటే కాదు, వేరే కండలు కూడా ఉన్నాయట. అందులో ఒకదాని చివర తీసి బొటనవేలిని లాగే స్నాయువుకి కుట్టాడాయన. చెయ్యంతా కట్టు. ఉన్న పాటి పనికూడా పోయి, అన్ని వారాలూ పసిపిల్లాడికంటే అధ్వానం. ట్వైలా ఒక్కనాడు విసుక్కోలేదు. అది కూడా చెప్పు మీ వేలంలో.

కట్టు విప్పాక, చెయ్యి కదపడం నేర్పించే అమ్మాయి అంది, బొటనవేలి గురించి ఆలోచించకండి, మోచెయ్యి వంచుతున్నట్టు అనుకోండి అని. అనుకున్నాను. వేలు కదిలింది. కదిలి, చూపుడువేలు పక్కకొచ్చి నొక్కుకుంది. ఆ సందులో రొట్టెముక్క పెడితే నిలిచింది.

గొట్టం వేసుకోవడానికి చాన్నాళ్ళు పట్టింది. మొదటిసారి నా అంతట నేను వేసుకున్న రోజు చెమటతో తడిసిపోయాను, సగం పక్క మీదే పోయింది. అయినా నేనే చేశాను. తలెత్తి చూస్తే ట్వైలా గుమ్మంలో ఉంది. అక్కడే చతికిలబడి ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది నాన్నా. కాకపోతే ఆ సంతోషం ఒక్క నా గురించే కాదు.

పంట కోతలయ్యాక ఓ రోజు ఇక్కడే కూర్చుని, ఇదే బల్ల దగ్గర, మెల్లిగా అంది. "లైల్, నేను మా అక్క దగ్గరికి వెళ్తాను. తిరిగి రాననుకుంటాను."

"వెళ్ళు," అన్నాను. "నా చెయ్యి బాగయ్యేదాకా ఆగావు. నాకు తెలుసు."

ఆమె నా కుడిచెయ్యి తీసుకుని చెంపకి ఆనించుకుంది. ముట్టుకోవాలనిపించే ముట్టుకుంది, ఆ ఒక్కసారికి. నా వేళ్ళకి స్పర్శ ఎక్కడుంది?

అందుకని, ఆమె నన్ను వదిలేసి పోయిందనకు. ఈ చెయ్యి ఎందుకు కావాలయ్యా అని ప్రూడెన్ అడిగితే, ఫోర్కు పట్టుకోవడానికన్నాను. ఉత్తిదే. ఆమె వెళ్ళాలనుకుంటే వెళ్ళగలగాలి. అందుకే కోయించుకున్నాను.

ఇంకోటి కూడా ఉంది. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పను. వెళ్ళే వీలు దొరికాక, వెళ్ళకుండా ఉండిపోతుందేమోనని ఆశపడ్డాను.

ఆపరేషన్ మాత్రం బాగానే జరిగింది నాన్నా. అందరూ అదే అంటున్నారు.